కొరియా తొక్కు

చౌటుప్పల్ దాటి విజయవాడ దిక్కు పోతుంటే కుడిచేతి వైపు ఆకాశంలో ఒక పెద్ద రంగుల చక్రం కనిపిస్తుంది. అది ఆటల పార్కు. నీళ్ల జారుడుబండలు, గుండె నోట్లోకి తెచ్చే రైలుబండ్లు, చిన్నపిల్లలకు బొమ్మల కోట ఉంటాయి. తిరిగి తిరిగి ఆకలైనవాళ్ల కోసం లోపల ఒక వీధి కట్టి, దానికి ‘ప్రపంచ రుచులు’ అని పేరు పెట్టారు. అటు నాలుగు, ఇటు నాలుగు కొట్లు. ఒక్కో కొట్టు మీద ఒక్కో దేశం బోర్డు.

ఎనిమిది దేశాలకూ ఉల్లిగడ్డలు కోసే మనిషి మాత్రం ఒక్కతే. ఆమె పేరు ఉప్పలమ్మ.

తెలంగాణ వచ్చిన రెండేళ్లకు పార్కు తెరిచారు. పక్క ఊరి నుంచి మొదటి రోజే పనిలో చేరిన పదిమందిలో ఉప్పలమ్మ ఒకతె. భర్త పరశురాం మందుల కంపెనీలో వాచ్‌మన్. ఇద్దరూ పొద్దున్నే ఒకే ఆటో ఎక్కి, ఆయన కంపెనీ గేటు దగ్గర, ఆమె పార్కు గేటు దగ్గర దిగేవాళ్లు. వెనక వంటింట్లో కత్తిపీట ముందు కూర్చుని ఆమె ఎన్నో దేశాలు వచ్చిపోవడం చూసింది. మొదట్లో ఇటలీ కొట్టు ముందు జాతర ఉండేది. పిజ్జా అంటే పిల్లలు ఎగిరేవాళ్లు. తర్వాత మెక్సికో అని ఒకటి వచ్చి, ఆ తిండి పేర్లు ఎవరి నోటికీ తిరగకముందే మూడు నెలల్లో పోయింది. చైనా కొట్టు మాత్రం కదల్లేదు, ఎందుకంటే మంచూరియా పరాయి దేశపు తిండి అన్న సంగతే జనం మర్చిపోయారు. ఆ తర్వాత మండీ కాలం వచ్చింది. ఒక్క పెద్ద పళ్లెం చుట్టూ ఇంటిల్లిపాదీ కూర్చుని తినే అరబ్బు అన్నం కోసం నల్గొండ నుంచి, మిర్యాలగూడ నుంచి కూడా కార్లు కట్టుకుని వచ్చేవాళ్లు.

కొరియా బోర్డు చివరికి వచ్చింది. ఆడపిల్లలు ఫోన్లలో కొరియా సీరియళ్లు చూస్తున్నారని, బడి నుంచి వచ్చిన ప్రతి గుంపులోనూ నలుగురైదుగురు ‘కొరియా తిండి లేదా’ అని అడుగుతున్నారని పెట్టారు. హైదరాబాద్ నుంచి ఒక సలహాదారు వచ్చి మూడు రోజులు ఉండి, ఎర్ర సాసు డబ్బాలు, నూడుల్స్ ప్యాకెట్లు చూపించి, క్యాబేజీ తరిగి టమాటా సాసు, వెనిగర్, కారప్పొడి కలిపితే అదే కిమ్చి అని చెప్పి వెళ్లిపోయాడు. ఆ కొట్టుకు పెట్టిన వంటమనిషి రెండు నెలలకే మానేశాడు. అప్పుడు ఫుడ్ మేనేజర్ గోపీకృష్ణ ఉప్పలమ్మను పిలిచాడు.

“పెద్ద పనేం లేదు ఉప్పలమ్మా. నూడుల్స్ ఉడకబెట్టాలె, సాసు పోయాలె. ఆ కొట్టు కాడ గిరాకీ కూడా ఎక్కువ ఉండదు. నువ్వు చూస్కో.”

అట్లా ఎనిమిదేళ్లకు ఉప్పలమ్మ మొదటిసారి వెనక నుంచి ముందుకొచ్చి నిలబడింది.

డిసెంబర్‌లో ఒకనాడు ఆత్మకూర్ దిక్కు హాస్టల్ బడి పిల్లలు రెండు బస్సుల్లో వచ్చారు. నీలం గౌన్లు, రెండు జడలు. అందరూ మంచూరియా వైపు ఉరికితే ఒక్కపిల్ల మాత్రం తిన్నగా కొరియా కొట్టు దగ్గరికి వచ్చింది. ఎనిమిదో తొమ్మిదో చదివే వయసు.

“ఆంటీ, కిమ్చి ఉన్నదా?”

“ఉన్నది బిడ్డా.” ఉప్పలమ్మ కప్పులో పెట్టి ఇచ్చింది.

పిల్ల ఒక ముక్క నోట్లో పెట్టుకుని నమిలింది. ఇంకో ముక్క పెట్టుకుంది. తర్వాత కప్పును బల్ల మీద పెట్టింది. ముఖం చిన్నబోయింది.

“ఏందమ్మా, బాగ లేదా?”

“బాగనే ఉన్నది ఆంటీ. గని ఇది కిమ్చి కాదు.”

“నువ్వు ఎప్పుడన్న తిన్నవా?”

“తినలే. చూసిన. సీరియళ్లల వాళ్లు కొరుకుతుంటే చప్పుడొస్తది. ఆకు పొడుగ్గుంటది, చేత్తోని చింపుకుంటరు. ఇది టమాటా సాసుల ఏసిన క్యాబేజీ.” పిల్ల తప్పు చేసినట్టు తలొంచుకుంది. “బస్సెక్కినప్పటి సంది ఇదే తినాలె అనుకుంటున్న, అందుకని చెప్పిన. మీరు బాధపడకున్రి.”

వెనక నుంచి ఎవరో “వర్షితా, రావే” అని పిలిస్తే పరుగెత్తింది.

ఉప్పలమ్మ ఆ కప్పు వంక చాలాసేపు చూసింది. ఎవరైనా తిట్టినట్టయితే ఇంత తగిలేది కాదు. ఇన్నేళ్లలో ఆమె చేతి నుంచి ఎవరికీ కుళ్లిన ఉల్లిగడ్డ పోలేదు. ఇవాళ ఒక పిల్ల ఒకటి అడిగితే, దాని పేరు పెట్టి ఇంకోటి ఇచ్చింది. తెలియక చేసిన పనే, కానీ ఇప్పుడు తెలిసింది. తెలిసినంక రేపు కూడా అదే ఇస్తే అది మోసం అవుతుంది.

ఎదురు కొట్టు మండీ వండే షరీఫ్‌ది. యాభై దాటిన మనిషి, జిద్దాలో పన్నెండేళ్లు వంట చేసి వచ్చాడు. గిరాకీ లేనప్పుడు ఇద్దరూ చాయ్ తాగుతూ మాట్లాడుకుంటారు. ఆ సాయంత్రం ఉప్పలమ్మ సంగతి చెప్తే ఆయన నవ్వాడు.

“ఫికర్ చెయ్యకు చెల్లె. నేను వచ్చిన కొత్తల జిద్దాల వండినట్టే వండిన. దాంట్ల కారం ఉండది. మాంసం, బియ్యం, ఇంత పొగ వాసన, అంతే. జనం ఏమన్నరు? ‘ఏందీ దవాఖాన తిండి’ అన్నరు. రెండో వారం మసాలా ఏసిన. మూడో నెల పచ్చిమిర్చి ఏసిన. ఇప్పుడు పళ్లెం నాకుతరు.”

“మంచిదే గద భాయ్.”

“మంచిదే.” షరీఫ్ గ్లాసులోకి చూశాడు. “గని జిద్దా దోస్తులు ఎవరన్న హైదరాబాద్ వస్తున్న అంటే, నేను పార్కుల పనిచేస్తున్న అని చెప్పను.”



ఆ శనివారం సెలవు నుంచి ఆమె నేర్చుకోవడం మొదలుపెట్టింది. గురువు ఫోన్‌లో దొరికింది. పేరు తెలియని ఒక ముసలామె, ఏదో పల్లెటూళ్లో, ఇంటి ముందు ఒక మోకాలు పైకి పెట్టుకుని కింద కూర్చుని కిమ్చి పెడుతుంది. ఆమె మాట ఒక్క ముక్క అర్థం కాదు. ఉప్పలమ్మకు మాటతో పనిలేదు, చేతులు చూస్తే చాలు. క్యాబేజీని నిలువుగా చీల్చడం, ఆకు ఆకు నడుమ ఉప్పు చల్లడం, అటూ ఇటూ తిప్పి మెత్తబడనివ్వడం, మూడు నీళ్లలో కడిగి వంపేసి ఆరబెట్టడం. తర్వాత ఎర్రటి ముద్ద ఒక్కో ఆకుకు, చంటిపిల్లకు నూనె రాసినట్టు రాయడం. చివర్లో ఆ ముసలామె ఒక ఆకు చింపి, చుట్టచుట్టి, పక్కన కూర్చున్న ఆడమనిషి నోట్లో పెట్టింది. అది చూసి ఉప్పలమ్మకు నమ్మకం కుదిరింది. అట్లా పెట్టే మనిషి అబద్ధం వండదు.

కూరగాయల వ్యాన్ డ్రైవర్‌కు చెప్పి పొడుగు క్యాబేజీ తెప్పించింది. మొదటిసారి మామిడికాయ తొక్కుకు వేసినట్టు ఉప్పు వేసింది, ఇంట్లో ఇద్దరూ నోట్లో పెట్టలేకపోయారు. రెండోసారి సరిగ్గా ఆరబెట్టలేదు, నీళ్ల కూరైంది. మూడోసారి ఇంట్లో ఉన్న కారప్పొడి వేస్తే పరశురాం ఒక్క ముక్క తిని బిందె ఎత్తుకున్నాడు.

“ఎందుకే నీకు గీ లొల్లి? సాసు డబ్బా ఉండంగ?”

“డబ్బా ఎవలైనా ఇప్పుతరు” అంది ఉప్పలమ్మ.

నాలుగోసారి డబ్బా మూత గట్టిగా బిగించి అటక మీద పెట్టింది. రెండో రోజు మధ్యాహ్నం అది టప్పుమని పేలి, ఎర్రనీళ్లు గోడ మీంచి బియ్యం బస్తా దాకా కారాయి. పరశురాం గడపలో నిలబడి నెత్తి పట్టుకున్నాడు. ఉప్పలమ్మకు మాత్రం కోపం రాలేదు. జొన్న అంబలి పులియబెట్టేటప్పుడు ఆమె తల్లి ఎప్పుడూ కుండ మీద గుడ్డ మాత్రమే కప్పేది. “పులిసేది పాణమున్నదే, దానికి ఊపిరాడాలె” అనేది. చిన్నప్పటి నుంచి తెలిసిన పనినే, పరాయి పేరు పెట్టేసరికి తాను కొత్తదనుకుంది. అప్పటి నుంచి డబ్బా మూత వదులుగా పెట్టింది. ఫోన్‌లో ముసలామె ముద్దలో కలిపిన తెల్లటి జావ ఏమిటో కూడా అప్పుడే తెలిసింది. అది బియ్యప్పిండి గంజి. మిరపకాయ సంగతి సంతలో తేలింది. కారం తక్కువ, రంగు ఎక్కువ ఉండే ముడతల మిరపకాయ తెచ్చి, గింజలు దులిపి, ఎండబెట్టి, రోట్లో రవ్వలాగా దంచింది.

ఏడోసారి పెట్టినది మూడు రోజులకు తీసి కొరికితే కరకరమంది. పులుపు, ఉప్పు, కారం ఒకదాని వెనక ఒకటి వచ్చి, చివర్లో ముక్కులోకి ఎల్లిపాయ ఘాటు ఎక్కింది. ఉప్పలమ్మ ఒక్కతే వంటింట్లో నిలబడి పాతిక ముక్కలు తిన్నది.

సంక్రాంతి సెలవుల రద్దీ తగ్గాక సాసు క్యాబేజీ తీసేసి దీన్ని కొట్లో పెట్టింది.

మొదటి వారం ఎవరికీ నచ్చలేదు. కొందరు ముఖం చిట్లించి పడేశారు. నల్గొండ నుంచి పెళ్లాం పిల్లలతో వచ్చిన ఒకాయన కప్పు బల్ల మీద గుద్ది, “పాసిపోయింది అమ్ముతున్నరా?” అని అరిచాడు. చుట్టూ జనం మూగారు. గోపీకృష్ణ పరుగెత్తుకొచ్చి ఆయన్ని సముదాయించి పంపి, ఉప్పలమ్మను పక్కకు పిలిచాడు. మంచి మనిషే. హోటల్ చదువు చదివి, పైవాళ్లకు నెలనెలా జవాబు చెప్పుకునే ఉద్యోగం.

“ఎవరు మార్చమన్నారు ఉప్పలమ్మా?”

“ఎవరూ అనలే సారు. అది కిమ్చి కాదు, ఇది కిమ్చి.”

“ఇక్కడ కొరియా వాళ్లు ఎవరున్నరు చెప్పు? మన జనానికి కొత్త పేరు కావాలె, పాత రుచి కావాలె. ఈ హోటల్ పనిల పదేండ్ల సంది చూస్తున్న. దీంట్ల ఇంత మయోనైజ్, ఇంత చీజ్, పైన మంచూరియా మసాలా వేద్దాం. ఎగబడి తింటరు.”

“పాత రుచే కావాలంటే ఇంట్లనే ఉంటరు గద సారు. గింత దూరం ఎందుకొస్తరు?”

గోపీకృష్ణ నుదురు రుద్దుకున్నాడు. “చూడు. ఉగాది తర్వాత ఈ కొట్టుకు థాయ్‌లాండ్ బోర్డు పెట్టాలని పైవాళ్లు అనుకుంటున్నరు. నేనేం ఆపలేను.”

“ఉగాది దాకా నన్ను ఆపకున్రి. అప్పటిదాక గిరాకీ రాకుంటె నేనే బోర్డు ఇప్పి ఇస్త.”

ఆయన సరే అనలేదు, వద్దనీ అనలేదు. ఉప్పలమ్మ దాన్ని సరే అనుకుంది.

మరుసటి రోజు నుంచి ఆమె పద్ధతి మార్చింది. వంట కాదు, అమ్మే పద్ధతి. ఎవరు వచ్చినా ముందు చెప్పేది: “ఇది పుల్లగుంటది. పులిసినంకనే దీనికి రుచి. ఒక్క ఆకు నోట్ల పెట్టుకోన్రి, నచ్చితెనే కొనున్రి.” ముందే చెప్తే జనం కోపగించుకోవడం మానేశారు. కొందరు ఉమ్మేశారు. కొందరు వెళ్లిపోయి, ఇంకో ఆట ఆడి, మళ్లీ వచ్చి “ఇంకొక ఆకు పెట్టు” అన్నారు. నాలుకకు కొత్తది అర్థం కావడానికి ఒక పూట పడుతుందని ఆమెకు అప్పుడు తెలిసింది. ఇంటర్ చదివే ఆడపిల్లలు ఫోన్లలో ఫోటోలు తీసి ఎవరెవరికో పంపుకునేవాళ్లు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం గజాలా అనే అమ్మాయి ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆమెది మహబూబ్‌నగర్, అక్కడే కొత్తగా కడుతున్న ఒక ఫ్యాక్టరీలో ఇంజినీరు. ఆయన ఛోయ్ అనే కొరియా మనిషి, ఆ ఫ్యాక్టరీలో మిషన్లు బిగించడానికి వచ్చాడు. అరవై ఏళ్లుంటాయి, తెల్లటి టోపీ పెట్టుకున్నాడు.

“అమ్మా, ఈ సార్‌కు మూడు నెలల సంది ఇంటి తిండి లేదు. ఇక్కడ దొరుకుతదని ఎవరో ఫోటో చూపిస్తే తోల్కొచ్చిన” అంది గజాలా.

ఉప్పలమ్మ పొడుగాకు ఒకటి తీసి ప్లేటులో పెట్టి ముందుకు జరిపింది. ఎదురు కొట్టులో షరీఫ్ గరిటె పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు.

ఛోయ్ మెల్లగా నమిలాడు. కళ్లు మూసుకున్నాడు. తెరిచి గజాలాతో ఇంగ్లీషులో ఏదో అన్నాడు. గజాలా తటపటాయించింది.

“చెప్పు బిడ్డా, ఉన్నది ఉన్నట్టు చెప్పు.”

“వాళ్ల అమ్మ చేసినట్టు లేదంటున్నరు.”

షరీఫ్ అటు తిరిగిపోయాడు. ఉప్పలమ్మ మాత్రం బల్ల మీదికి వంగింది. “వాళ్లమ్మ ఎట్ల చేస్తుండె? ఏం తక్కువైందో అడుగు.”

ఛోయ్ ముఖం వెలిగింది. ఇండియాకు వచ్చాక ఆయన్ని ఎవరూ ఆ మాట అడిగి ఉండరు. చేతులు తిప్పుతూ గబగబా చెప్పాడు. గజాలా తెలుగు చేసింది: “ఎల్లిపాయ ఎక్కువైందట. ఇంకొకటి లేదంటున్నరు. సముద్రంల దొరికేది… ఉప్పుల ఊరబెట్టింది…” ఆమెకు పేరు తట్టలేదు. ఛోయ్ జేబులోంచి పెన్ను తీసి టిష్యూ కాగితం మీద బొమ్మ గీశాడు. వంకర ఒళ్లు, పొడుగు మీసాలు, బోలెడు కాళ్లు.

“ఓ, రొయ్య!” ఉప్పలమ్మ నవ్వేసింది. “మా అంగట్ల రాశులు పోసి అమ్ముతరు, ఎండు రొయ్యలు.”

ఛోయ్ రెండు ప్లేట్లు తిని, డబ్బాలో కట్టించుకుని, నడుం వంచి దండం పెట్టి వెళ్లాడు. ఆ వారమే ఉప్పలమ్మ ఎండు రొయ్యలు తెచ్చి, ఉప్పునీళ్లలో నానబెట్టి, నూరి, ముద్దలో కలిపింది. శాకాహారులకు వేరే పెట్టింది. ఆకుపచ్చ మూత ఒకటి, ఎర్ర మూత ఒకటి. రొయ్యలు కలిపిన దాని రుచి ఇంకో మెట్టు పైకెక్కింది. ఛోయ్ మాత్రం దాన్ని తినలేదు. పని అయిపోయి వాళ్ల దేశం వెళ్లిపోయాడని నెల తర్వాత గజాలా ఫోన్ చేసి చెప్పింది.

మార్చి వచ్చింది. ఎండలు ముదిరాయి. ఉగాదికి ముందు వచ్చే ఆదివారం నాలుగు కాలేజీల పిల్లలు, రెండు కంపెనీల కుటుంబాలు వస్తున్నాయని తెలిసి ఉప్పలమ్మ అంతకు ముందెన్నడూ పెట్టనంత పెట్టింది. రొయ్యలది ఒకటి, శాకాహారులది ఒకటి, రెండు పెద్ద డ్రమ్ముల కిమ్చి చల్లగదిలో పెట్టి, శుక్రవారం ఇంటికెళ్లింది. శనివారం ఆమెకు సెలవు. ఆ శనివారమే చల్లగది మిషన్ కాలిపోయింది. కొత్త భాగం ఆదివారం పొద్దున గానీ రాలేదు.

ఆదివారం ఆమె వచ్చేసరికి చల్లగది తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. పాలు, మాంసం, క్రీము అన్నీ బయట పారబోస్తున్నారు. గోపీకృష్ణ లిస్టు పట్టుకుని నిలబడ్డాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది.

“ఆ డ్రమ్ములు కూడా గుంజుకపోయి పారబోయున్రి” అని పనివాళ్లకు చెప్పాడు.

ఉప్పలమ్మ డ్రమ్ముకు అడ్డంగా నిలబడింది. “ఆగున్రి సారు. చూడనియ్యున్రి.”

మూత తీసింది. నురగ పొంగి ఉంది. వాసన గుప్పున కొట్టింది. ఒక ఆకు చింపి నోట్లో పెట్టుకుంది. పళ్లు జిల్లుమన్నాయి. చింతపండు కూడా దీని ముందు తీపి. కానీ ఆకు కరకరమంటూనే ఉంది, జిగట లేదు, కుళ్లు వాసన లేదు.

“పాడు కాలే సారు. మస్తు పులిసింది.”

“రెండూ ఒకటే గద!”

“కాదు. పాడయింది వేరు, పులిసింది వేరు. నేను పుట్టినప్పటి సంది పులిసింది తిని పెరిగిన, నాకు ఎరుక. ఇట్ల పచ్చిది అమ్మలేను, నిజమే. గని ఆ ముసలామె గిట్ల బాగ పులిసినదాన్ని పారబోయది, ఉడకబెడతది. పులుసు పెడతది. నేను చూసిన.”

“ఏ ముసలామె?”

“కొరియా ఆమె. ఫోన్ల.”

ఇంకో రోజైతే గోపీకృష్ణ నవ్వేవాడేమో. ఆ రోజు సగం కొట్లలో అమ్మడానికి ఏమీ లేదు, గేటు దగ్గర బస్సులు దిగుతున్నాయి. ఆయన వాచీ చూసుకున్నాడు, డ్రమ్ము చూశాడు, ఆమె ముఖం చూశాడు.

“ముందు నేను తింట. నేను తిన్నాకనే బయటికి పోవాలె.”

“గట్లనే.”

ఉప్పలమ్మ షరీఫ్ దగ్గరికి వెళ్లింది. “భాయ్, నీ పెద్ద దేగ్చ జర ఇయ్యవా?” షరీఫ్ దేగ్చతో పాటు తన పెద్ద పొయ్యి కూడా ఇచ్చాడు. ఎట్లాగూ ఆయన మాంసం అంతా పారబోశారు. కొంచెం నూనెలో ఉల్లాకు తెల్లభాగం వేయించి, పులిసిన కిమ్చి కోసి వేసి, దాని ఎర్రనీళ్లే పోసి, చెంబులతో నీళ్లు కలిపి మరిగించింది. గోదాంలో ప్యాకెట్లలో ఉన్న సోయా పనీరు ముక్కలు వేసింది. మూత పెట్టి, మంట తగ్గించి, అరగంట కదలకుండా నిలబడింది. ఆ అరగంటలో పులుపు విరిగి, కమ్మటి వాసన వీధంతా పాకింది.

గోపీకృష్ణ గిన్నె పట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. ఒక చెంచా తాగాడు, ఊదుకుంటూ ఇంకోటి తాగాడు. కొంచెం అన్నం పెట్టమన్నాడు. గిన్నె ఖాళీ అయ్యాక మళ్లీ చాపాడు. “టెస్టుకే” అన్నాడు. అక్కడున్న పనివాళ్లంతా పక్కకు తిరిగి నవ్వుకున్నారు.

నీళ్ల ఆటల నుంచి వచ్చేవాళ్లు ఎంత ఎండాకాలమైనా వణుకుతూ వస్తారు. పెదాలు నీలంగా, వేళ్లు ముడతలు పడి, ఆకలి మండుతూ. వాళ్ల ముందు పొగలు కక్కే పుల్లటి, ఎర్రటి పులుసు, వేడన్నం. పావుగంటలో కొట్టు ముందు లైన్ ఇటలీ దాకా పోయింది. ఉప్పలమ్మ పోస్తుంటే షరీఫ్ అన్నం పెట్టాడు. మనవలను తీసుకుని వచ్చిన ఒక రైతు, తడి లుంగీ పిండుకుంటూ, నిలబడే రెండు గిన్నెలు తాగాడు.

“గిది మన పులుసే గదనమ్మా!”

“కాదు పెద్దయ్యా. ఇది కొరియా వాళ్లది. కిమ్చి జిగే అంటరు.”

“ఏం జిగె?”

“కిమ్చి జిగే.”

“సరె, ఇంకింత పొయ్యి గా జిగెను.”

రొయ్యలున్న డ్రమ్ము ముందు అయిపోయింది, తర్వాత రెండోది. అందులో ఒక్క చుక్క మయోనైజ్ లేదు, మసాలా లేదు. సాయంత్రం ఖాళీ దేగ్చ కడుగుతుంటే ఉప్పలమ్మ భుజాలు పట్టేసి చెయ్యి పైకి లేవలేదు. పక్కన కూర్చున్న షరీఫ్ అన్నాడు.

“చెల్లె, వచ్చే శుక్రవారం ఒక చిన్న గిన్నెల జిద్దా మండీ వండుత. కారం లేకుంట. అమ్ముడు పోకపోతే నువ్వూ నేనూ తిందాం.”

వండాడు కూడా. నలుగురే కొన్నారు. అయినా ప్రతి శుక్రవారం వండుతూనే ఉన్నాడు.

ఉగాది తెల్లారి థాయ్‌లాండ్ బోర్డు లారీలో వచ్చింది. ఉప్పలమ్మ తన కొట్టు వైపు చూసుకుంటూ నిలబడింది. పనివాళ్లు నిచ్చెన మోసుకుంటూ ఆమెను దాటి పోయి ఇటలీ కొట్టుకు వేశారు. పిజ్జా ఇప్పుడు చౌటుప్పల్ బస్టాండ్ ముందే దొరుకుతుంది, దానికోసం పార్కు దాకా ఎవరూ రావడం లేదని గోపీకృష్ణ పైవాళ్లకు రాశాడట. కొరియా కొట్టు గురించి ఏం రాశాడో ఆయన చెప్పలేదు. ఆమెకు సాయంగా ఇద్దరు మనుషులను మాత్రం ఇచ్చాడు.

“థాయ్ కొట్టు కూడా కొన్ని రోజులు నువ్వే చూడాలె ఉప్పలమ్మా. హైదరాబాద్ నుంచి సలహాదారును పిలుస్తున్న, మూడు రోజులు ఉంటడు.”

“మూడొద్దుల మనిషి వద్దు సారు” అంది ఉప్పలమ్మ. “ఆ వంట ఇంట్ల తినే మనిషిని తోల్కరాన్రి. నెల దినాలు ఉండాలె. నాకు మంచిగ వచ్చేదాక ఆ కొట్టు తెరవొద్దు.”

“నెల దినాలు కొట్టు మూసి పెట్టాల్నా? పైవాళ్లు ఊకుంటరా?”

“మీరు అడుగున్రి. ఊకోకుంటె నన్ను పిలువున్రి, నేను మాట్లాడుత.”

నెల అడిగితే పదిహేను రోజులకు ఒప్పుకున్నారు. హైదరాబాద్‌లో ఇక్కడి అబ్బాయిని పెళ్లి చేసుకుని కాపురం ఉంటున్న ఒక థాయ్ ఆవిడ దొరికింది. ఏప్రిల్ మొదటి సోమవారం, పార్కు తెరవకముందే, ఆమె రెండు సంచుల్లో ఏవేవో ఆకులు, గడ్డలు మోసుకుని వంటింట్లోకి వచ్చింది. వచ్చీరాని తెలుగు. ఉప్పలమ్మ ఆమెకు ఒక పీట వేసి, తానొక పీట మీద ఎదురుగా కూర్చుని, సంచిలోంచి ఒక గడ్డ తీసి వాసన చూసింది. అల్లంలాగే ఉంది, కానీ అల్లం కాదు.

“ముందుగాల ఇదేందో చెప్పమ్మా” అంది.